చేపలక్క పిడికెడు

మా సంఘాల్లో సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లు ఒక పద్ధతి ప్రకారం చెబుతారు. ముందు కష్టం, తరవాత కన్నీళ్లు, ఆఖరికి ప్రార్థనకు జవాబు. జవాబు దగ్గరికి రాగానే కూర్చున్నవాళ్లంతా చప్పట్లకు చేతులు సర్దుకుంటారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అలాంటివి ఎన్నో విన్నాను, కొన్ని నేనే చెప్పాను. మొన్న శిక్షణ ముగించుకుని కొత్తగా పనిలో చేరబోతున్న అమ్మాయిలు కొందరు మా ఇంటికి వచ్చి, "మీ సేవలో మరిచిపోలేని అనుభవం ఒకటి రాసివ్వండమ్మా, మా పత్రికలో వేసుకుంటాం" అన్నారు. వాళ్లకు కావలసింది చప్పట్లు కొట్టే రకమని తెలుసు. నా దగ్గర మిగిలింది అది కాదు. అడిగారు కాబట్టి రాస్తున్నాను. చదివాక ప్రోత్సాహం దొరకలేదని నన్ను అనొద్దు.

జీతం కాగితాల్లో నా ఉద్యోగం పేరు స్త్రీల సేవకురాలు. ఊళ్లలో సువార్తమ్మ అనేవాళ్లు. పాస్టరు అయ్యగారు పైన, నేను కింద. ఆయన ప్రసంగం చేసేవారు, నేను ఇళ్లకు తిరిగేదాన్ని. జ్వరాలు, పురుళ్లు, చావులు, మొగుడూ పెళ్లాల తగాదాలు నా వాటా. జువ్వలదిన్నె నుంచి విడవలూరు దాకా ఒడ్డు పొడుగునా ఇసకలో నడిచిన కాళ్లకు వేరే పింఛను ఇవ్వాలని పెద్దలతో అంటుండేదాన్ని. వాళ్లు నవ్వి ఊరుకునేవాళ్లు. నవ్వడానికి ఖర్చు లేదు కదా.

ఆఖరున పనిచేసిన సంఘం విడవలూరు అవతల ఉంది. ఒక పక్క వరి పొలాలు, ఇంకో పక్క రొయ్యల గుంటలు, వాటిని దాటితే బెస్తవాళ్ల పాళెం, ఆపైన సముద్రం. సంఘంలో ఎక్కువమంది ఎస్సీ కాలనీవాళ్లు. ఒకప్పుడు అందరూ కూలికి పోయేవాళ్లే. నేను వెళ్లిన కొత్తలో గుడికి రేకుల కప్పు, నేల మీద ఈతచాపలు.

అక్కడ ఒక ఆచారం ఉండేది. ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తుంది. పూటపూటకూ అంతే. వారం తిరిగేసరికి పోగైనదాన్ని గుడ్డలో మూటగట్టి ఆదివారం గుడికి తెచ్చి, ముందు పెట్టిన సిల్వరు గంగాళంలో పోస్తుంది. తిండికి కష్టంగా ఉన్న ఇళ్లకు ఆ బియ్యం పోతుంది. గంగాళం పక్కన నా స్టూలు. పోసినవాళ్లకు వందనాలు చెప్పడం, పురుగు పట్టినవి తెచ్చినవాళ్లను చూసీ చూడనట్టు ఊరుకోవడం, సోమవారం వాటిని ఇళ్లకు చేర్చడం నా పని. ఈ కాలం పిల్లలకు ఇది చాదస్తంగా ఉంటుంది. కానీ ఆ గంగాళంలో కోటా బియ్యం, కళ్లంలోంచి వచ్చిన కొత్త బియ్యం, అంగట్లో కొన్న సన్నాలు అన్నీ కలిసిపోయేవి. వండితే సగం చిమిడిపోయేది, సగం పలుకుగా ఉండేది. తిన్నవాళ్లకు ఎవరు పెట్టారో తెలిసేది కాదు. ఈ వారం తిన్న ఇల్లు కూడా పై వారం పిడికెడు పోసేది. పోసిన ఇంటికి తినే వారమూ వచ్చేది. ఎవరు ఎటువైపు ఉన్నారో తెలిసింది నాకొక్కదానికే. నోరు మూసుకోవడం నా ఉద్యోగంలో సగం.

ఒకరి బియ్యానికి మాత్రం గుర్తుండేది. వాటికి ఎండుచేపల వాసన. అవి చేపలక్కవి.

చేపలక్క పాళెం మనిషి. నా ఈడుదే. ఎండు నెత్తళ్లు, సావళ్లు బుట్టకెత్తుకుని కొడవలూరు వైపు పల్లెలకు పోయేది. కోతల కాలంలో వాటికి బదులు బియ్యమే పెట్టించుకునేది. అదే బుట్ట, అదే గుడ్డ, ఇక వాసన ఎక్కడికి పోతుంది? ఆమె మూట విప్పగానే ముందు వరసలో ఆడవాళ్లు ముక్కు మీద కొంగు వేసుకునేవాళ్లు. సంఘ పెద్ద భార్య ఊరుకునేది కాదు.

"ఏం మే చేపలక్కా, ఈ వారం బియ్యంలో కూర గూడా కలిపి తెచ్చినావే!"

"తెచ్చినా. ఉప్పు తక్కవైతే నువ్వేసుకో" అనేది చేపలక్క.

పాట పాడితే అందరికంటే ఒక అడుగు వెనక పాడేది. అందరూ ముగించాక ఆఖరి మాట ఆమె గొంతులో ఒంటరిగా వినిపించేది. పిల్లలు ఆ మాట కోసం కాచుకుని కూర్చుని నవ్వేవాళ్లు. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వేది, మళ్లీ పాటకు మళ్లీ వెనకబడేది.

ఆమె మా సంఘంలోకి వచ్చింది సముద్రం దారిన. భర్త వేటకు పోయి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. వెతకడం మానేసేదాకా ఒడ్డున ఆమె పక్కన నేను కూర్చున్నాను. ఆ తరవాత కొన్నాళ్లకు తనంతట తనే ఆదివారం వచ్చి వెనక చాప మీద కూర్చుంది. ఏడాది తిరక్కుండా బాప్తిస్మం తీసుకుంది. పిల్లలు లేరు. పాళెంలో ఆమె చుట్టాలకు ఇది గిట్టలేదు. పాళెం ఆమెను వెలేసిందని జనం చెప్పుకున్నారు. నేను కొన్నాళ్లు గమనించాను. నీళ్లు పట్టుకునే కుళాయి అదే, చేపలు కొనే రేవు అదే, ఎదురింటి మనిషి పలకరింపు కూడా అదే. వెలీ లేదు పాడూ లేదు, ఉత్త పుకారు అనుకుని వదిలేశాను.

మాకు మాత్రం ఆమె లేని పని ఉండేది కాదు. పెళ్లి భోజనాలకు చేపలు శుభ్రం చేయించేది ఆమె. చావు ఇంటికి ముందు వచ్చేది ఆమె. ఇలా చాలా ఏళ్లు గడిచాయి.

ఈలోగా సంఘం మారింది. రొయ్యలు కొందరి ఇళ్లకు మేడలు కట్టాయి. పిల్లలు చదువుకుని కంపెనీల్లో చేరారు. రేకులు పోయి స్లాబు వచ్చింది, చాపలు పోయి కుర్చీలు వచ్చాయి, గోడలకు పెద్ద సౌండు బాక్సులు వచ్చాయి. సంఘ పెద్దకు నాలుగైదు రొయ్యల గుంటలు. ఆయన్ని గురించి ఇక్కడే చెప్పేస్తాను. మంచివాడు. వెటకారం కాదు. ఒకరి కష్టం వింటే ఆయనకు అన్నం దిగదు. ఇది చదువుతూ ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకునేవాళ్లకు నేను సాయం చేయలేను.

ఒక రోజు కొడవలూరు దగ్గర బుట్టతో ఆటో దిగుతూ చేపలక్క పడింది. తుంటి ఎముక విరిగింది. నెల్లూరులో ఆపరేషను చేసి రాడ్డు వేశారు. ఆ ఖర్చులో ఎక్కువ భాగం సంఘమే పెట్టుకుంది. చేతికర్రతో నాలుగడుగులు వేసేది కానీ బుట్ట ఎత్తే రోజులు అయిపోయాయి. బుట్ట లేకపోతే బియ్యం లేవు. కోటా బియ్యమూ, ప్రభుత్వం ఇచ్చే పింఛనూ ఆధారం.

సంఘ కమిటీ కూర్చుంది. నేనూ ఉన్నాను. చేపలక్కకు ప్రతి వారం బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, చింతపండు ఒక సంచిలో పెట్టి పంపాలని తీర్మానం. ఎవరూ అడ్డు చెప్పలేదు. "మన మనిషి గదా, మనం గాక ఎవరు చూస్తారు" అన్నాడు సంఘ పెద్ద. విని నాకు కూడా కళ్లు చెమర్చాయి.

ఆ ఆదివారం ఆమె కర్ర పోటేసుకుంటూ వచ్చింది. చంకలో ఎప్పటి మూటే, కాకపోతే చిన్నది. గంగాళం దగ్గరికి వచ్చి మూట విప్పబోయింది. సంఘ పెద్ద మైకు పట్టుకుని ఎదురొచ్చి, గంగాళం మీద తన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అక్కా, ఇంక నీ బియ్యం మాకొద్దు. ఇన్నేళ్లు పోసినావు, చాలు. ఈ పొద్దు నుంచి సంఘమే నీకు పోస్తాది. నువ్వేం తేబాక."

గుడి అంతా చప్పట్లు. పాస్టరు అయ్యగారు సంచి అందించారు. కుర్రకారు ఫొటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అది ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. అందులో అందరం నవ్వుతున్నాం. చేపలక్క ఒక్కతే మూట మూతి బిగించి పట్టుకుని సంఘ పెద్ద ముఖంలోకి చూస్తోంది. విన్నది నిజమేనా అని అడుగుతున్నట్టు ఉంటుంది ఆ చూపు. ఆ రోజు మేము దాన్ని ఆనందం అనుకున్నాం.

పై ఆదివారం ఆమె రాలేదు. కాలు నొప్పేమో అనుకున్నాం. ఆ పై వారం ఆటో పంపాం. ఆటో ఖాళీగా తిరిగొచ్చింది, ఒంట్లో బాగాలేదని కబురు. పాస్టరు అయ్యగారు వెళ్లి ప్రార్థన చేసి వచ్చారు. అమ్మగారు, అంటే ఆయన భార్య, ఒక చీర పెట్టి వచ్చారు. సంచి ప్రతి వారం పోతూనే ఉంది. సంఘ పెద్ద మంచం కొనిచ్చాడు, తరవాత ఫ్యాను కొనిచ్చాడు. ఆమె ఎంత దూరం జరిగితే మేము అంత ఎక్కువ ఇచ్చాం. ఆమె మాత్రం గుడి గడప తొక్కలేదు.

నెమ్మదిగా మాటలు మొదలయ్యాయి. మళ్లీ గంగమ్మకు మొక్కుతోందని ఒకరు. ఉచితంగా వస్తుంటే ఇంక గుడెందుకని ఇంకొకరు. సంఘ పెద్ద భార్యకు నిజంగానే బాధ కలిగింది. "మేం ఏం తక్కవ చేసినామక్కా ఆమెకి?" అని నన్ను నిలదీసింది. మర్నాడు పొద్దున్నే పాళేనికి బయల్దేరాను.

చేపలక్క గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. గోడవారన మేము పంపిన సంచులు వరసగా ఉన్నాయి. రెండు మూడు మూతి కూడా విప్పలేదు. కోటా బియ్యమే వండుకుంటోంది. నన్ను చూసి ముఖం విప్పారింది. "రా మే, కూకో. టీ పెడతా" అని కర్ర అందుకోబోయింది.

"వద్దులే అక్కా, ఇప్పుడే తాగొచ్చినా. నువ్వు లేవబాక, కాలు నొప్పి" అన్నాను.

ఆమె కర్ర వదిలేసి నా వంక చూసింది. "నువ్వు గూడా వద్దనేస్తివా" అంది.

నాకు అర్థం కాలేదు. ఎందుకు రావడం లేదని అడిగాను. మా వల్ల తప్పు జరిగిందా అన్నాను. బియ్యం ఏరుతూనే చెప్పింది.

"మా పాళెంలో మనిషిని వెలేసేదానికి దండోరా ఎయ్యరు మే. తిట్టరు, కొట్టరు. గంగమ్మ జాతరకి ఇంటింటికీ వంతు ఎత్తుతారు గదా, వెలేసినోళ్ల ఇంటి ముందర ఆగకుండా పోతారు. మనమే తీసకపొయ్యి ఇచ్చినా తీసుకోరు. 'నీ వంతు మాకొద్దు' అంటారు. అంతే. కుళాయికాడ నీళ్లిస్తారు, జొరమొస్తే మాత్ర గూడా తెచ్చిస్తారు. కానీ వంతు లేదంటే నువ్వు పాళెంలో లేవు. నేను బాప్తిస్మం తీసుకున్నప్పుడు మా పాళెం పెద్దాయన ఆ మాట అన్నాడు. నేను ఏడవలా. పోతే పోయింది, అక్కడ గంగాళం ఉండాదిలే అనుకున్నా."

ఆమె చేట దించింది.

"మళ్లీ అదే మాట విన్నా. అందరి ముందర. గంగాళానికి చెయ్యి అడ్డం పెట్టి, నీ బియ్యం మాకొద్దు అన్నాడు. ఎంత నిమ్మళంగా చెప్పినాడో చూస్తివి గదా. మా పెద్దాయన గూడా అంత నిమ్మళంగానే చెప్పినాడు."

"ప్రేమతో అన్నాడక్కా. నీకు కష్టమని" అన్నాను.

"ఎరుగుదును మే. కోపంతో అని ఉంటే తగువన్నా పెట్టుకుందును. ప్రేమతో అన్నోళ్ల మీదకి ఎట్ట పొయ్యేది?"

కాలనీలో పుట్టి పెరిగినవాళ్లకు, నాలాంటి మెట్ట ప్రాంతం దానికి, ఈ సంగతి తెలియదు. మాకు వెలివేయడమంటే బావి దగ్గర ఆపడం, పక్కన కూర్చోనివ్వకపోవడం. మా తాతలు పడింది అది. మీ దగ్గర ఏమీ తీసుకోం అని మాతో ఎవరూ అనేవాళ్లు కాదు, మా దగ్గర తీసుకోవడం వాళ్లకు అలవాటే. అందుకని, ఇవ్వకు అంటే అది దయ అని మా లెక్క. ఆమె లెక్కలో ఆ మాటకు ఒకటే అర్థం. తెలియక ఆమె పాత పుండును తొక్కాం, అదీ చప్పట్లు కొడుతూ.

ఏరిన బియ్యం గిన్నెలో పోసే ముందు ఆమె చెయ్యి ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేసింది. "ఇంకా తీస్తన్నావా?" అన్నాను.

"చెయ్యి పోతాది మే, ఏం చేసేది? కాకులకేస్తన్నా. అయ్యి వద్దనవు."

"నాకియ్యక్కా. ఆదివారం నేను తీసకపొయ్యి గుళ్లో ఇస్తా."

ఆమె తల అడ్డంగా ఊపింది. "నీకిస్తే నీకిచ్చినట్టు. సంఘానికి ఇచ్చినట్టా అది?"

అప్పుడు టీ పెట్టమని నేనే అడిగాను. ఆమె కర్ర పట్టుకుని లేచి, పొయ్యి దగ్గరికి వెళ్లడానికి చాలాసేపు పట్టింది. నేను సాయానికి లేవకుండా నా చేతులు నేనే పట్టుకుని కూర్చున్నాను. రెండు గ్లాసులు తాగాను. చక్కెర ఎక్కువైంది.

వెనక్కి వచ్చి పాస్టరు అయ్యగారితో చెప్పాను. చిన్న వయసు, చదువుకున్నాయన. ఓపిగ్గా విన్నారు. విని, "అంటే ఇప్పుడు కాలు విరిగిన మనిషి దగ్గర మనం బియ్యం తీసుకోవాలంటారా అమ్మా? బయటివాళ్లు వింటే ఏమంటారు?" అన్నారు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఆమె రావడం మానేసిన నెలల్లోనే గంగాళం కూడా తీసేశారు. కుక్కర్లు వచ్చాక పిడికెడు తీసే అలవాటు చాలా ఇళ్లలో ఎప్పుడో పోయింది, బియ్యం బదులు అందరూ కానుక వేస్తున్నారు, సంచులు అంగట్లోనే కట్టించి పంపుతున్నారు. గంగాళం వంటపాక వెనక కుళాయి కింద అంట్లు నానబెట్టడానికి పనికొస్తోంది. నా స్టూలు మీద సౌండు బాక్సు పెట్టారు.

నేను వదల్లేదు. నా నోరు మంచిది కాదని అప్పటికే పేరుంది, ఆ పేరును ఇంకొంచెం వాడుకున్నాను. సంఘ పెద్ద ఇంటికి వెళ్లి వరండాలో కూర్చుని, పాళెం వెలి సంగతి మొదటి నుంచి చెప్పాను. ఆయన విన్నాడు. విని తల వంచుకున్నాడు. "అట్టనా అక్కా? ఆ మాట నేనేనా అనింది? నాకు తెలవదే" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. కోత పండుగ రోజు గంగాళం మళ్లీ పెట్టిద్దామని, చేపలక్క అందరి ముందూ బియ్యం పోయాలని ఆయనే అన్నాడు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. నా ఉద్యోగంలో ఇంత పెద్ద పని చేయలేదు అనుకున్నాను.

పాళేనికి వెళ్లి చేపలక్కను పిలిచాను. "మళ్లీ తీసుకుంటారంటనా?" అని రెండుసార్లు అడిగింది. "తీసుకుంటారు" అన్నాను. ఆ రోజు నుంచి కాకులకు వేయడం మానేసి డబ్బాలో దాచింది.

కోత పండుగంటే మీకు తెలుసు. కిటికీలకు వరి కంకుల కట్టలు, ముందు గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన కోళ్లు, రొయ్యల బుట్ట. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు. మధ్యలో గంగాళం, పక్కన మళ్లీ నా స్టూలు. చింతపండు పెట్టి తోమించాను, తళతళలాడుతోంది. చేపలక్క ఆటో దిగి, ఉతికిన తెల్లచీరలో, చంకన మూటతో లోపలికి వచ్చింది. అందరూ లేచి దారి ఇచ్చారు. గంగాళం దగ్గరికి వచ్చి మూట విప్పి పోసింది. బియ్యం పడిన చప్పుడు నాకు వినపడింది. ఎండుచేపల వాసన పెద్దగా లేదు, బుట్ట మానేసి చాలాకాలమైంది కదా. పాట ఎత్తుకున్నారు. ముగిశాక ఆఖరి మాట ఆమె గొంతులో ఒంటరిగా వినపడింది. పిల్లలు నవ్వారు. నేను స్టూలు మీద కూర్చుని ఏడ్చాను.

తరవాత ఆమె గంగాళంలోకి తొంగి చూసింది. అప్పుడు నేనూ చూశాను. అంత పెద్ద గంగాళం అడుగున ఆమె బియ్యం ఒక్కటే ఉంది. ఇంకెవరూ తేలేదు. ఎందుకు తెస్తారు, వాళ్లు మానేసి ఎన్నాళ్లయింది? గంగాళం తోమించడం తట్టింది కానీ, పిడికెడు తెమ్మని ఇంటింటికీ చెప్పాలన్నది మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆమె ముఖంలో వెలుగు కొంచెం తగ్గింది. అయినా వెళ్లి కుర్చీలో కూర్చుంది.

వేలం మొదలైంది. గుమ్మడికాయలు అయ్యాయి, కోళ్లు అయ్యాయి. సంఘ పెద్ద లేచి మైకు తీసుకున్నాడు. "ఇప్పుడు మా చేపలక్క బియ్యం!" అన్నాడు. ఆమెను పొగిడాడు. లేమిలో కూడా ఇచ్చే మనసు ఎవరికుంటాదని అడిగాడు. వేలంపాట ఆయనే మొదలుపెట్టాడు. ఇంకెవరో పెంచారు, ఆయన ఇంకా పెంచాడు. ఎంతకు పాడాడో రాయను. ఆ చుట్టుపక్కల ఏ కోత పండుగలోనూ పిడికెడు బియ్యానికి అంత ధర పలకలేదని మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు. చప్పట్లు ఆగలేదు.

గెలిచిన బియ్యాన్ని ఆయన గంగాళంలోంచి ఆమె గుడ్డలోకే ఎత్తించాడు. ఇద్దరు మనుషుల చేత సన్నబియ్యం బస్తా మోయించుకొచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టించాడు. శాలువా కప్పాడు. ఆఖరున ఆ చిన్న మూట తన చేతులతో ఆమె ఒళ్లో పెట్టి, "ఇయ్యి గూడా నీకేనక్కా. మా కన్నీళ్లతో ఇస్తన్నాం" అన్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు. తను చేసిన గాయం ఆయనకు అర్థమైంది. అర్థమయ్యే ఇదంతా చేశాడు. ఆయన చేతిలో ఉన్న మందు అదొక్కటే, దాన్నే ఇంకో గుక్కెడు ఎక్కువ పోశాడు.

ఆటో ఎక్కిస్తుంటే చేపలక్క నా చెయ్యి పట్టుకుంది. కోపం లేదు. ఒళ్లోని మూట చూపించి, "తిరిగిచ్చేసినారు గద మే" అంది.

అమ్మాయిలూ, ఆదరణ మాటలు చెప్పడానికి జీతం తీసుకున్న మనిషిని నేను. ఆ రోజు నా దగ్గర ఒక్కటి కూడా లేదు.

ఆ తరవాత ఆమె మళ్లీ రాలేదు, మేమూ పిలవలేదు. పిలవడానికి మొహం చెల్లలేదు. కొన్నాళ్లకు నేను వెళితే ఇంకో సంగతి చెప్పింది. జాతర ముందు కర్ర పోటేసుకుంటూ పాళెం పెద్దల దగ్గరికి పోయిందట. తన వంతు తీసుకోమని అడిగిందట.

"తీసుకున్నారా?" అన్నాను.

"వెలి ఎప్పుడో తీసేసినామన్నారు. ముసిలిదానివి, నీ దగ్గరేం తీసుకుంటామమ్మా, జాతరకి వచ్చి కడుపునిండా తినిపో అన్నారు. మీవోళ్లకంటే మర్యాదగానే చెప్పినార్లే." కర్ర పక్కన పెట్టి, "రెండు పక్కలా మంచోళ్లే మే" అని నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

వానలకాలంలో పోయింది. నిద్రలోనే పోయిందన్నారు. పక్కింటివాళ్లు ఫోను చేస్తే వెళ్లాం. ఆమె చావుకు ఏ లోటూ జరగలేదు. సంఘ పెద్ద మంచి టేకు పెట్టె చేయించాడు. మా కాలనీ అంతా కదిలింది, పాళెం కూడా కదిలింది. పాళెంవాళ్లు పూలదండలు తెచ్చారు, పెట్టె మోయడానికి భుజం ఇచ్చారు. మా సమాధుల తోటలో రెండు ఊళ్ల జనం నిలబడ్డారు. వచ్చినవాళ్లందరికీ భోజనాలు పెట్టారు. ఇంత జనం తన కోసం వస్తారని ఆమెకు ఎవరైనా బతికుండగా చెప్పి ఉంటే నమ్మేది కాదు.

పాట పాడాం. అందరం ఒకేసారి ముగించాం. ఆఖరి మాట తరవాత ఏ గొంతూ రాలేదు. తోటలో పిల్లలు తలలు తిప్పి ఎవరి కోసమో చూశారు.

తరవాత అందరం వరసగా వచ్చి పిడికెడు మన్ను తీసి గుంటలో వేశాం. మేమూ వేశాం, పాళెంవాళ్లూ వేశారు. మాది ఎర్రమన్ను, వాళ్ల కాళ్లకు అంటుకొచ్చింది ఇసక, రెండూ కలిసిపోయాయి. ఆమె మాత్రం ఎవరికీ వద్దని చెప్పలేదు.

నేను రిటైరైన రోజు నాకూ శాలువా కప్పారు. సంఘ పెద్దే కప్పాడు. "ఇన్నేళ్లు చేసినావు సువార్తమ్మా, చాలు. ఇంక నువ్వు సుఖంగా కూకో" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఇప్పుడు నెలనెలా మా ఇంటికి ఒక సంచి వస్తోంది. బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, చింతపండు. అన్నీ మంచి రకం. పోయిన ఆదివారం ఆరాధనకు ముందు గుడి ఊడుద్దామని చీపురు అందుకున్నాను. మీలో ఒక అమ్మాయి పరుగున వచ్చి, ఎంతో ప్రేమగా నా చేతిలోంచి చీపురు లాక్కుంది. "మీరెందుకమ్మా, మేం లేమా?" అంది. బంగారం లాంటి పిల్ల. నేను వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

మీకు సలహా ఏమీ ఇవ్వను. ఇచ్చినా మీరు వినరు, నేనూ వినలేదు. ఈమధ్య ఎసట్లో బియ్యం పోసే ముందు నా చెయ్యి ఒక పిడికెడు పక్కకు తీస్తోంది. గంగాళం లేదని చేతికి తెలియదు. డబ్బా నిండాక పెరటి గోడ మీద చల్లుతున్నాను. కాకులు నాకు అలవాటు పడ్డాయి, పొద్దున్నే వచ్చి కూర్చుంటున్నాయి.